తువ్వాలు కింద పువ్వు

బందరులో నేను పనిచేసిన కంప్యూటర్ షాపు యజమాని, ఎవరు లోపలికొచ్చినా ముందు స్క్రీన్ మీద తువ్వాలు కప్పేవాడు. ఆ తువ్వాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చిలకలపూడి రోల్డుగోల్డు నగల పనివాళ్లు కొత్త డిజైను చేస్తే పక్కింటికి ఇచ్చేవాళ్లు. వాళ్లు ఓ రేకు పెంచో, ఓ పూస తగ్గించో ఇంకోటి చేసేవాళ్లు. కొత్తవన్నీ అలాగే పుట్టేవి. మా యజమానీ ఆ డిజైన్లు వాళ్లని అడిగే తెచ్చాడు. నాచేత స్కాన్ చేయించి, సీడీల్లోకెక్కించి, కాపీరైట్ తనదంటూ తిరిగి వాళ్లకే లాయరు నోటీసులు పంపాడు. గిల్టు నగల ఊళ్లో అంత గిల్టు మనిషిని నేను చూడలేదు.

ఓ ముసలి పనివాడు నోటీసు పట్టుకుని వచ్చాడు.

"ఆ పువ్వు నాదండీ. మూడో రేకు వంకరగా ఉంటుంది చూడండి. అప్పుడు నా చెయ్యి జారింది."

"నీదేనని కాగితం ఉందా?" అన్నాడు మా యజమాని, తువ్వాలు సర్దుతూ.

ఆ వంకర రేకు తువ్వాలు కిందే ఉంది. నాకు తెలుసు. నేను తువ్వాలు తియ్యలేదు.

తర్వాత ఓసారి చిలకలపూడి వెళ్లాను. నన్ను చూడగానే పనివాళ్లు ఒక్కొక్కరే బల్లల మీద తువ్వాళ్లు కప్పేశారు.