దాచిపెట్టిన ఇంటికి ఇన్సూరెన్సు

ఇప్పుడైతే ఎవరింట్లో ఏ వస్తువు కొన్నా సాయంత్రానికల్లా ఫోన్లో ఫోటో పెట్టేస్తున్నారు. నేను పరగోడుకు కోడలిగా వచ్చిన కాలం అట్లాంటిది కాదు. ఇంట్లో ఉన్నది ఊరికి తెలియకుండా చూసుకోవడమే అప్పటి సంసారం. ఆవు నాలుగు లీటర్లు ఇస్తే రెండని చెప్పేవాళ్ళం. గాదె నిండా రాగులున్నా, "ఏముంటాయమ్మా, పక్షులు తిన్నంక మిగిలినవే" అనేవాళ్ళం. కొత్త చీర కట్టుకున్న మనిషిని ఎప్పుడు కొన్నావని అడిగితే పోయిన ఏటిదని చెప్పి గబగబా దాటిపోయేది. అది అబద్ధం కింద లెక్క కాదు, ఉన్నదాని మీద కప్పే దుప్పటి. నేను బడిలో చదివింది ఆరో తరగతి వరకే, మాది కర్ణాటక సరిహద్దు కాబట్టి అదీ కన్నడంలో. ఈ దుప్పటి చదువు మాత్రం మా అవ్వ దగ్గర ఆసాంతం చదివాను. "రాసుకునేవాడు వచ్చినాడంటే, తీసకపొయ్యేవాడు వాని ఎనకాలే వస్తాండాడని తెలుసుకో" అనేది మా అవ్వ. (ఆమె చిన్నతనంలో శిస్తు కట్టని ఇళ్ళకు వచ్చి ముందు కాగితం మీద రాసుకునేవాళ్ళట, తర్వాత బిందెలు మోసుకుపోయేవాళ్ళట. ఆ బిందెల చప్పుడు ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు.)

మా ఇంటాయన పట్టుగూళ్ళు మార్కెట్టుకు వేసుకుపోవడానికి ఒక పాత వ్యాను కొన్నాడు. ఇన్సూరెన్సు లేకుండా రోడ్డెక్కితే పోలీసులు ఆపుతారని, చింతామణి నుంచి ఊరూరూ తిరిగే ఒక ఏజెంటును పిలిపించాడు. ఎండలో, వానలో, పెళ్ళిలో, చావులో కూడా చంకలో తోలుబ్యాగు దించడు కాబట్టి ఆయన పేరే తోలుబ్యాగాయన అయిపోయింది. మన వ్యాను ఎవరినన్నా గుద్దితే వాళ్ళకు ఇచ్చేది ఒకటి, దానితో పాటు మన వ్యానుకు దెబ్బ తగిలినా మనకు ఇచ్చేది ఇంకొకటి, ఏది కావాలని ఆయన అడిగాడంట. మా మామ, మనకేమన్నా కళ్ళు లేవా, పోయి గోడకు గుద్దుకుంటామా అని, తక్కువది చాలన్నాడు. అది అయ్యాక తోలుబ్యాగాయన, ఇంటికి కూడా ఇన్సూరెన్సు చేయించుకోమన్నాడు. పోయిన ఎండాకాలం గాలికి మా వీధిలో ఒకరి రేకులు లేచి చెరుకు తోటలో పడ్డాయి. మా ఇంటి ముందుగది కూడా రేకులదే, రేకుల మీద బరువుకు పెట్టిన బండరాళ్ళే దానికి ఆధారం. మా ఇంటాయన కొంచెం ఆలోచించి సరేనన్నాడు.

ఆ ముందుగదిలోనే నా కుట్టుమిషన్ ఉండేది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఊరందరి జాకెట్లు వేరేవాళ్ళ మిషన్ మీద కుట్టి, కూలి దాచుకొని నేనే కొనుక్కున్న మిషన్ అది. అత్తగారింట్లో గిన్నె దగ్గర నుంచి గొడ్డు దాకా అన్నీ వాళ్ళవి, మిషన్ ఒక్కటే నాది. దాని ముందు కూర్చుంటే ఎవరూ నన్ను నీళ్ళు తెమ్మనేవాళ్ళు కాదు. "మిషనమ్మ కుడతాండాది, పలకరియ్యొద్దు" అని మా మామే అందరికీ చెప్పేవాడు. నాకు ఆ మాట ఒక పదవి.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటాయన వ్యాను తీస్తూ, "ఈ పొద్దు ఇన్సూరెన్సు ఆయప్ప వస్తాడు. ఇంట్లో ఏమేముండాయో అన్నీ రాసుకుంటాడంట, చెప్పు" అని వెళ్ళిపోయాడు. మా అత్త వాళ్ళ చెల్లెలి ఇంటికి చింతామణికి పోయి ఇరవై రోజులైంది. ఇంట్లో నేనూ మామా. అన్నీ రాసుకుంటాడు అన్న మాట చెవిలో పడగానే నాకు మా అవ్వ బిందెలు మోగాయి. దిష్టి సంగతి ఒకటి, రేషన్ కార్డు సంగతి ఒకటి. ఇంట్లో టీవీ ఉందని కాగితం మీద పడితే కార్డు కొట్టేస్తారని మా వీధిలో అందరికీ గట్టి నమ్మకం. మా ఇంటాయనకు లోకం తెలియదు, ఈ ఇంటిని కాపాడేది నేనే అనుకున్నాను.

పక్కింట్లో గాజులమ్మే అక్క ఉండేది. ఆమెను పిలిచి విషయం చెప్తే, ఎందుకని కూడా అడగకుండా కొంగు బిగించింది. (ఆ పని ఆమెకూ అలవాటే.) టీవీ, మిక్సీ, ఇత్తడి గంగాళం, స్టీలు బిందెలు, పరుపులు, ట్రంకుపెట్టె, ఒక్కొక్కటే వాళ్ళ ఇంటికి చేర్చాం. మిషన్ తల విప్పి నేను మోశాను, కాళ్ళు ఆమె మోసింది. దారిలో రెండుసార్లు దించి రొప్పాను. ఇనుప బీరువా మాత్రం కదల్లేదు. దాని ముందు చాప పరిచి, మామను దుప్పటి కప్పుకొని పడుకోమన్నాను. పాపం, ఆ ఎండలో, ఏమీ అడగకుండా పడుకున్నాడు.

తోలుబ్యాగాయన వచ్చేసరికి మా ఇల్లు దొంగలు పడి పోయినట్టుంది. ఆయన అటూ ఇటూ చూసి, కూర్చోవడానికి ఏమీ లేక గడప మీద కూర్చున్నాడు. ఇంటి గోడలకూ కప్పుకూ ఒక లెక్క, లోపలి సామానుకు ఇంకో లెక్క అని ఓపికగా విడమరిచి చెప్పాడు. గోడలు దాచలేను కాబట్టి వాటిని సరిగ్గానే రాసుకున్నాడు. సామాను దగ్గరికి వచ్చేసరికి, నాలుగు గిన్నెలు, ఒక నులకమంచం, అంతేనన్నాను.

"టీవీ?"

"మాకెందుకప్పా టీవీ."

"కుట్టేదేమన్నా ఉండాదామ్మా? దారాలు కనపడతాండాయి."

"అవి పక్కింటోళ్ళవి."

ఆయన కలం ఆపి నా మొహం చూశాడు. "అమ్మా, నేను పన్ను వేసేటోన్ని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే, పోయినప్పుడు పోయినట్టు ఇస్తారు. లేదని చెప్పినదానికి రేప్పొద్దున ఎవురూ ఏమీ ఇయ్యరు" అన్నాడు. రాసుకునేవాళ్ళందరూ మొదట ఇట్లాగే తియ్యగా మాట్లాడతారని నేను మనసులో అనుకొని, ఇంకేమీ లేదప్పా అన్నాను. సరిగ్గా అప్పుడే నడిమింటి గోడ మీద మా మామ గడియారం ఠంగు ఠంగుమని పదకొండు కొట్టింది. ఎత్తులో ఉందని దాన్ని మరిచే పోయాం. ఆయన పదకొండు గంటలూ కొట్టేదాకా ఆగి, "గడియారం ఒకటి" అని రాసుకున్నాడు.

దుప్పటి కింద మామ దగ్గాడు. జ్వరమా అని ఆయన దగ్గరికి పోయి, ఇట్లాంటి వయసులో ఆరోగ్యానికి కూడా ఒక ఇన్సూరెన్సు ఉందని మొదలుపెట్టగానే మా మామ దిగ్గున లేచి కూర్చుని, "నాకు ఏ రోగమూ లేదప్పా, ఊరికే పండుకున్యా" అన్నాడు. వెనక బీరువా పిడి తళుక్కుమంది. తోలుబ్యాగాయన చూశాడు. ఆయన చూడడం నేను చూశానని కూడా ఆయనకు తెలిసింది. కలానికి మూత పెట్టేశాడు. కాఫీ పెడతానంటే, "వద్దులేమ్మా, ఆ పాలు మీరే తాగండి" అని లేచాడు. ఆ మాటకు ఆ రోజు ఎంత నవ్వుకున్నామో, నేనూ గాజులక్కా. సాయంత్రానికి సామానంతా మళ్ళీ ఇల్లు చేరింది. మా ఇంటాయన అడిగితే, అన్నీ చెప్పానండి అన్నాను. కాగితం వచ్చింది, బీరువాలో పెట్టాం, ఎవరూ విప్పి చూడలేదు.

మూడు నెలలకు, బడులు తెరిచే ముందు, ఒక మధ్యాహ్నం వడగళ్ళతో గాలి వచ్చింది. నా దగ్గర పిల్లల నీలం లంగాల గుడ్డ కుప్పగా ఉంది. కిటికీ వేద్దామని లేచాను, అంతే. పెట్టె మూత తెరిచినట్టు రేకులు లేచాయి, బరువుకు పెట్టిన బండరాయి నేరుగా మిషన్ తల మీద పడింది. నేను లేవడం ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే ఈ కథ చెప్పడానికి వేరే ఎవరన్నా కావాల్సి వచ్చేది. రెండు రేకులు ఎగిరి బయట వ్యాను మీద పడ్డాయి. టీవీ నీళ్ళు తాగింది, పరుపులు తడిసి పైకి ఎత్తలేనంత బరువయ్యాయి. ఇరిగిన మిషన్ తలను ఒళ్ళో పెట్టుకొని నేను ఏడుస్తుంటే మా ఇంటాయన, ఇన్సూరెన్సు ఉంది కదా, కొత్తది వస్తుందిలే అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. రాత ఎట్లాగో మారిపోతుందని, రాళ్ళు పడినప్పుడు కాగితం మీది అక్షరాలు కూడా కదిలి ఉంటాయని, ఏదో పిచ్చి ఆశ.

వారం తర్వాత నష్టం చూసే ఆయన చిక్కబళ్ళాపురం నుంచి మెళ్ళో కెమెరా వేసుకొని వచ్చాడు. అప్పటికి అత్త కూడా ఉంది. ఏమేం పోయాయో చెప్పమంటే, నాకు జ్ఞాపకం గట్టిది కదా, గది మూల నుంచి మొదలుపెట్టి ఏ వస్తువు ఏ సంతలో కొన్నదో, దానికి ఎక్కడ సొట్ట ఉండేదో, మిషన్ మీద గీత ఏ వైపు ఉండేదో కూడా చెప్పాను. ఆయన రెండు పేజీలు రాసి, చెయ్యి విదిలించుకొని, పాత కాగితం విప్పాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

మధ్యలో మా మామ ఒక న్యాయం లేవదీశాడు. వ్యానుకు తీసుకున్న కాగితం, వేరేవాళ్ళకు నష్టమైతే ఇచ్చేది కదా. "రేకు ఇంటిది, వ్యాను వేరే. అప్పుడు వ్యానుకు మా ఇల్లు పరాయిదే కదప్పా?" అన్నాడు. ఆయన నవ్వాపుకొని, ఆ కాగితం మీ వ్యాను గుద్దితే ఎదుటివాళ్ళకు ఇచ్చేది, మీ వ్యాను మీద ఏదన్నా పడితే కాదని, పరాయిది పడినా సొంతది పడినా అంతేనని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, ఇందులో మిషన్ లేదు. టీవీ లేదు. నాలుగు గిన్నెలు, మంచం, గడియారం. అంతే ఉండాది."

అందరూ నన్నే చూశారు. మా ఇంటాయన మొహం చూడలేక నేల చూశాను. అప్పుడు మా అత్త ముందుకు వచ్చింది.

"ఆయమ్మిని ఏమీ అడగొద్దప్పా. నేనే చెప్పిపొయ్యింటి, ఎవురొచ్చినా ఏమీ లేదని చెప్పమని. తప్పు నాది."

తోలుబ్యాగాయన వచ్చిన రోజు అత్త చింతామణిలో ఉంది. నేను సామాను దాచిన సంగతే ఆమెకు ఆ నిమిషం దాకా తెలియదు.

కెమెరా ఆయన, తానేమీ చేయలేనని, రేకులకూ గోడకూ మాత్రం వస్తుందని చెప్పి, గిన్నెలు చూశాడు. సొట్ట కూడా పడలేదు. మంచం పెరట్లో చెక్కుచెదరకుండా ఉంది. "గడియారం యాడమ్మా?" అన్నాడు. అందరం నడిమింట్లోకి పోయి తలలెత్తాం. అది టిక్కుటిక్కుమంటూ ఉంది. టైము కూడా సరిగ్గా ఉంది. ఇంత గాలివానలో ఆ ఇంట్లో ఏమీ కానివి, నేను ఉన్నాయని ఒప్పుకున్నవే.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చొని అత్త తిట్టు కోసం ఎదురుచూశాను. ఆమె రొట్టె తిప్పుతూ అడిగింది. "మిషన్ కూడా దాస్తివా?"

"ఊఁ."

"అంత బరువు ఎట్ల మోసినావే?"

"తల నేను, కాళ్ళు గాజులక్క."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను, నవ్వుతోంది. నవ్వు ఆగాక లేచి రాగుల గాదె మూత తీసి, భుజం దాకా చెయ్యి పెట్టి, గుడ్డమూట ఒకటి పైకి తీసింది. లోపల వెండి డాబు, నడుముకు పెట్టుకునేది, నల్లబడి ఉంది. "మీ మామకు కూడా తెలీదు. దాచేది నీకొక్కదానికే వచ్చనుకుంటివా" అంది. మరుసటి వారం దాన్ని అమ్మి నాకు మిషన్ తెచ్చారు. అమ్మొద్దని ఎంత చెప్పినా వినలేదు. "గాదెలో ఉంటే ఎవురికి పనికొచ్చె? కుట్టుకో పో" అంది. లంగాలు బడి తెరిచిన మూడో రోజుకు ఇచ్చాను. ఆ ఇంటికి అసలు ఇన్సూరెన్సు ఏ కాగితంలోనూ లేదు, రాగుల కింద ఉంది. అయితే అది ఒక్కసారికే పనికొచ్చింది. రెండోసారి గాలి వచ్చి ఉంటే గాదెలో రాగులు తప్ప ఏమీ లేవు. అందుకే అవ్వ మాటను కాదనకుండా, దాని పక్కన తోలుబ్యాగాయన మాటను కూడా కూర్చోబెట్టుకున్నాను.

మొన్న మా అమ్మాయి కారు కొని, ఫోన్లో ఇన్సూరెన్సు చూస్తూ, తక్కువది చాలామ్మా అంది. వ్యాను మీద పడిన రేకుల కథ చెప్పి, సొంత దెబ్బకు కూడా వచ్చేదే తీసుకోమన్నాను. మా ఇంటికి కూడా చేయిస్తానని ఆమే ఒక ఏజెంటును పంపింది. ఈయనకు బ్యాగు లేదు, ఫోనే. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, గదిగదీ తిప్పి చూపించాను. బీరువా తలుపు తెరిచాను. మిషన్ తలా కాళ్ళూ వేరువేరుగా చెప్పాను. ఆయన కాఫీ పూర్తిగా తాగాడు, చాలమ్మా అన్నాడు. ఆయన గేటు దాటాక మాత్రం ఉప్పూ మిరపకాయలూ తీసి ఇంటి చుట్టూ తిప్పి పొయ్యిలో వేశాను. ఇది ఎవరికీ చెప్పకండి.

ఇంకొకటి. నడిమింట్లోకి తీసుకుపోయినప్పుడు, గడియారం కింద నిలబడి, ఆయన మొహం బీరువా వైపు ఉండేట్టు చూసుకున్నాను. అప్పుడు గంట కొట్టే వేళ కాదు, ముందే లెక్క వేసుకున్నాను. దాన్ని రాయించలేదు. దానికేమీ కాదని నాకు తెలుసు. పైగా, ఒక్కటైనా దాచకపోతే, ఆ ఎండలో మిషన్ తల ఎత్తుకొని, ఇల్లు కాపాడుతున్నానని రొప్పుతూ పోయిన ఆ పిల్ల నొచ్చుకుంటుంది.