మగ్గం లెక్కన తిరిగిన వీపు

రెండింతలు అడగడం మా ఇంటి విద్య. కళ్యాణదుర్గంలో నాయనది బట్టల అంగడి. పది రూపాయల పంచెకు ఆయన ఇరవై చెప్పేవాడు, వచ్చినవాడు ఐదు అనేవాడు. కాసేపు ఒకరినొకరు దెప్పుకుని పదికి దిగి, ఇద్దరూ గెలిచినట్టు విడిపోయేవాళ్లు. నేను నర్సునయ్యాను గానీ అంగడి బుద్ధి పోలేదు. పరిశోధన చేసే అవకాశం ఒకే ఒక్కసారి వస్తే, ఆ బుద్ధితోనే పోగొట్టుకున్నాను.

డెబ్బైల చివర్లో ధర్మవరంలో ఇళ్లకు తిరిగేదాన్ని. మంచం పట్టినవాళ్ల పుండ్లు కడిగి కట్లు మార్చడం నా పని. గడియారం లేని ఇళ్లలో నిలబడి, "రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి" అని చెప్పి వచ్చేదాన్ని. అంత తెలివి నాది. వారం తిరిగేసరికి పుండు ఇంకాస్త లోతయ్యేది.

ఒక్క ఇంట్లోనే అలా లేదు. పక్షవాతంతో ముసలాయన పడి రెండేళ్లయినా వీపు మీద గీత లేదు. మంచం పక్కనే మగ్గం, మగ్గంలో కోడలు.

"ఎట్ల కాపాడినావమ్మా?" అని అడిగాను.

"ఏముండాది సిస్టరమ్మా? జానెడు నేసినప్పుడల్లా ఆపి, నేసిన చీరను మగ్గం కర్రకు చుట్టుకోవల్ల గదా. అప్పుడే లేసి మామను గూడా దొర్లిస్తా."

"చీరతో పాటు నన్నూ అమ్మేస్తాదేమో, కనిపెట్టుకోమ్మా," అన్నాడు ముసలాయన మంచం మీది నుంచి.

"నిన్నెవరు కొంటారు మామా? జరీ యాడుండాది నీకు?"

గడియారం లేకున్నా, ఎవరి పనిలో ఉన్న లెక్కతో వాళ్ల చేత రోగిని తిప్పించవచ్చు. నాకు తట్టనిది ఆమె చేతుల్లో ఉంది. మిగతా మగ్గాల ఇళ్లలోనూ చూసి, రాసి, నలుగురికీ చెప్పాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే, ఇళ్లకు తిరిగే నర్సుల పరిశోధనకు నిధులిస్తామని పట్నంలో ఒక కమిటీ ప్రకటించింది. నాకు కావలసింది మూడు వేలు. ఆరు వేలు రాశాను. "సగం కోస్తారులే, నీది నీకొస్తాది," అని నాయన ఆశీర్వదించాడు.

మాట్లాడాలని పిలిస్తే పోయాను. కమిటీలో నలుగురు పెద్దమనుషులు. ఇంట్లో పడి ఉన్న రోగిని చూసిన ముఖం ఒక్కటీ లేదు. బిస్కెట్లు మాత్రం శ్రద్ధగా పరిశీలించారు. "రోగిని తిప్పడానికి పరిశోధన ఎందుకమ్మా, చేతులుంటే చాలదూ?" అని ఒకాయన అంటే మిగతావాళ్లు నవ్వారు. మొదట బస్సు ఖర్చు వదులుకోవాలి, తర్వాత పుస్తకాల ఖర్చు అని నేను బేరానికి సిద్ధమై కూర్చున్నాను. ఎవరూ తగ్గించమని అడగలేదు. అంగట్లో పెరిగినదానికి అంతకన్నా అవమానం లేదు.

నెలకు ఉత్తరం వచ్చింది. ఆరు వేలూ మంజూరు. అయితే ఐదు వేలు దాటితే నర్సు చేతికివ్వరట. పని డాక్టరు పేరు మీద, నేను సహాయకురాలిని. ఆ నిబంధన దరఖాస్తు వెనక పేజీలోనే ఉంది. నేను ముందు పేజీతో ఆగిపోయాను.

నాయన ఉత్తరం చదివించుకున్నాడు. "బేరమాడకుండా ఇచ్చినారంటే ఆ దుడ్లు వాళ్లవి కాదులేమ్మా," అన్నాడు.

డాక్టరు జీపులో వచ్చాడు. పుండే లేని ఇంట్లో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "ఎన్ని గంటలకోసారి తిప్పుతావు?" అని కోడలిని అడిగాడు.

"గంటలు నాకు తెల్దు సామీ. జానెడు నేసినప్పుడల్లా."

అచ్చు ఫారంలో జానెడుకు గడి లేదు. "క్రమం లేదు" అని రాసుకున్నాడు.

"ఒక్కసారి వీపు చూడండి సార్," అన్నాను.

"ఇంకా పది ఇళ్లున్నాయి సిస్టర్."

నివేదిక అచ్చయింది. నేతగాళ్ల ఇళ్లలో రోగులను క్రమంగా తిప్పడం లేదనీ, ఇంటికో గోడ గడియారం ఇప్పించాలనీ అందులో తేల్చారు. చివరి పేజీలో నాకు కృతజ్ఞతలు. అది పట్టుకుని ఆ ఇంటికి పోయాను.

"నా మాట రాసినారా?" అంది కోడలు.

"లేదు."

"నువ్వు రాయిస్తానంటివే?"

జరిగింది చెప్పాను. ఆమె నేత ఆపకుండా అంతా విన్నది.

"రెండింతలు అడిగేది చీరల కాడ పెట్టుకోవల్ల సిస్టరమ్మా. సరే, జానెడయింది. ఆ పక్క పట్టు."

పట్టుకున్నాను. ముసలాయనను దొర్లించాం. వీపు నున్నగా ఉంది. చూసింది మేమిద్దరమే.