పెదనాన్న కట్టిన పడవ

మా పెదనాన్న చనిపోయి రేపటికి నెల. ఆ వార్త నాకు ఫోనులో వచ్చింది. భద్రాచలంలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో అప్పుడే ఇద్దరి దగ్గర రక్తం తీసి, రెండు గొట్టాలూ స్టాండులో పెట్టి, పేర్ల చీటీలు అంటించబోతున్నాను. మణుగూరు నుంచి అన్న చేశాడు. అన్న అంటే పెదనాన్న కొడుకు.

"నాన్న పోయిండు" అన్నాడు.

"ఎటు పోయిండు? ఒక్కడే పోయిండా? ఎవరూ చూడలేదా?" అని అడిగాను.

రెండేళ్లుగా మా ఇంట్లో ఆ మాటకు అదే అర్థం. పెదనాన్న చెప్పకుండా బయటికి వెళ్లడం, మేము వెతకడం. ఎటూ పోలేదన్నాడు అన్న. తర్వాత, "పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. గ్లాసు తీస్కుందామని అమ్మ పోయేసరికి అయిపోయింది" అన్నాడు.

ఫోను పెట్టేసి చూస్తే ఏ గొట్టంలో రక్తం ఎవరిదో తెలియలేదు. ఇద్దరినీ బతిమాలి మళ్లీ తీశాను. వాళ్లలో పెద్దావిడ "ఏమైంది బిడ్డా" అని అడిగితే "మా పెదనాన్న ఎటో పోయిండంట" అన్నాను. తప్పు చెప్పానని మణుగూరు బస్సెక్కి సారపాక దాటాక గానీ తట్టలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాను. కూర్చుంటే ఒకే ఒక్క రాత్రి అడ్డం వస్తోంది. ఆ రాత్రి ఏం జరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. తెలిసినంత వరకు చెబుతాను.

పెదనాన్న ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేశాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. భూమి లోపలి నుంచి బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను దగ్గర ఆయన డ్యూటీ. తాడు తెగితే కింద ఉన్న మనుషుల మీదికి టబ్బులు వెనక్కి దొర్లుతాయి. అందుకేనేమో ఇంట్లో కూడా ఆయన కళ్లు ముందు తాళ్ల మీదికే పోయేవి. మా క్వార్టర్ వాళ్ల క్వార్టర్ పక్కనే. మా అమ్మ బట్టలారేసే తీగను కూడా వచ్చి రెండుసార్లు లాగి చూసి వెళ్లేవాడు. నా స్కూలు సైకిల్ వెనక పుస్తకాల సంచి కట్టి, "తాడు మంచిదే ఉంటది బిడ్డా. ముడినే చూడాలె" అనేవాడు. అది ఒక్క నాకే కాదు, గ్యాస్ బండ తెచ్చిన ఆటో అతనికి కూడా చెప్పేవాడు.

రిటైరయ్యాక ఆయనకు చెరువు దొరికింది. కాలనీ దాటి, అడవిలో కొంత దూరం పోతే ఉండే పెద్ద చెరువు. అవతలి ఒడ్డు పొద్దున మంచులో కనపడదు. అక్కడ చేపలు పట్టే ముత్తయ్యతో ఎట్లా స్నేహం కలిసిందో తెలియదు. నేను ఆయన్ని ముత్తయ్య కాక అని పిలిచేదాన్ని. ఆయనకు ఒక నాటు పడవ ఉంది. ఏడాదికి ఒకసారి, కార్తీకం దాటాక, పెదనాన్న ఆ పడవ అడిగి తీసుకుని అవతలి ఒడ్డుకు పోయి ఒక రాత్రి ఉండి వచ్చేవాడు. చేపల పులుసు వండుకోవడం, టార్పాలిన్ కింద పడుకోవడం, తెల్లారి తిరిగి రావడం, అంతే. నా భర్త, అన్న ఒకటి రెండుసార్లు వచ్చి, దోమలకు భయపడి మానేశారు. నేను ఐదుసార్లు వెళ్లాను.

పడవను రాత్రికి కట్టడమే ఆయనకు అసలు పండగ. ముందు అడుగున చేరిన నీళ్లన్నీ డబ్బాతో తోడేసేవాడు. పడవ ముక్కు సగం ఇసుక మీదికి వచ్చేదాకా ఇద్దరం లాగేవాళ్లం. ముందు తాడు మద్ది చెట్టు మొదలుకు. వెనక తాడు ఒడ్డున దిగ్గొట్టిన గుంజకు. తెడ్లు తెచ్చి తన పక్క మీద, తలగడ పక్కన పెట్టుకునేవాడు. "తెడ్లు దాంట్లనే ఉంటే అది రమ్మని పిలిచినట్టే" అని నవ్వేవాడు. తాళ్లు మాత్రం బిగించేవాడు కాదు. మూర పైన వదులు ఉంచేవాడు. ఎందుకని ఒకసారి అడిగితే, "రాత్రి నీళ్లు పెరిగితే పడవ లేవాలె కదనే. బిగగడితే ఎట్ల లేస్తది? గుంజుతది. గుంజి గుంజి ఏదో ఒకటి ఊడుతది" అని చెప్పాడు. చెప్పాడన్న సంగతి నాకు గుర్తుకు రావలసిన రోజున గుర్తుకు రాలేదు.

అది రెండేళ్ల కిందటి మాట. అప్పటికి ఆయన కంటి ఆపరేషన్ అయి కొన్ని నెలలైంది. ముత్తయ్య కాక పడవ ఇస్తూ, "తెల్లారేసరికి తెచ్చియ్యాలె అన్నా. వలలు నీళ్లల్ల ఉన్నయ్" అన్నాడు. "ఎప్పుడన్నా ఆలస్యం చేసిన్నా?" అన్నాడు పెదనాన్న.

ఆ సాయంత్రం నాకు ఆయన తేడాగా కనిపించాడు. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాడు. నన్ను సరోజా అని పిలిచాడు. సరోజ మా మేనత్త, ఆయన చెల్లెలు. ఆమె పోయి చాలా కాలమైంది. పడవ కట్టి వచ్చి కూర్చున్న కాసేపటికే అడిగాడు:

"పడవ కట్టిన్నా?"

"కట్టినవ్ పెదనాన్న. నేను చూసిన."

అన్నం తిన్నాక మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు నేను టార్చి తీసుకుని చెట్టు దగ్గరికి పోయాను. ముందు తాడు వదులుగా వేలాడుతోంది. అయ్యో, ఈ మనిషికి ఇది కూడా చేతకాకుండా పోయిందే అనుకున్నాను. ముడి విప్పి, తాడు మొత్తం లాగి, చెట్టుకు దగ్గరగా బిగించి నాకొచ్చిన ముడి వేశాను. వచ్చి ఆయనకేమీ చెప్పలేదు. చెబితే నొచ్చుకుంటాడనుకున్నాను. ఆయన పరువు కాపాడానని కూడా అనుకున్నాను.

ఎక్కడో తుఫాను పట్టిందని బయల్దేరే ముందు ఫోనులో చూశాను గానీ మా దాకా వస్తుందనుకోలేదు. నిద్రలో టార్పాలిన్ మీద వాన చప్పుడు విన్నాను. ఒకసారి పెదనాన్న లేచి బయటికి వెళ్లినట్టు, చెప్పుల చప్పుడు అటు పోయి తిరిగి వచ్చినట్టు గుర్తు. కల కూడా కావచ్చు.

తెల్లారి చూస్తే మద్ది చెట్టు మోకాలి లోతు నీళ్లలో ఉంది. కొండ వాగు నీళ్లు రాత్రంతా చెరువులోకి దిగాయి. పడవ లేదు. గుంజ లేదు. తాడు తెగి ఉంటే చెట్టుకు ఒక ముక్క అయినా మిగలాలి. అదీ లేదు. పెదనాన్న నీళ్లలో నిలబడి చెట్టు మొదలు చుట్టూ చేత్తో తడుముతున్నాడు, తాడు అక్కడే ఉండి తనకే కనపడటం లేదన్నట్టు.

"నేను కట్టలే" అన్నాడు.

"కట్టినవ్ పెదనాన్న."

"కడితే పడవ ఏడికి పోతది?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. నోరు తెరిచాను కూడా. "ముందు ముత్తయ్య కాకకు చెప్పాలె, నడువు" అన్నాను. అంతే వచ్చింది నోట్లోంచి.

ఫోనుకు సిగ్నల్ లేదు. టేకు చెట్ల మధ్య, వెదురు పొదలు తప్పించుకుంటూ చెరువు చుట్టూ నడిచాం. తెడ్లు ఆయన భుజాన ఉన్నాయి. ఇయ్యమంటే ఇవ్వలేదు. దారిలో మూడు నాలుగుసార్లు ఆగి, "ఏ ముడి ఏసిన నేను?" అని తనని తానే అడుగుతూ చేతులు గాలిలో కదిపి చూసుకున్నాడు. ప్రతిసారీ నేను చెప్పబోయాను. ప్రతిసారీ ఏదో అడ్డమొచ్చింది. ఒకసారి ముళ్ల కంప, ఒకసారి బురద. ఇప్పుడు తలుచుకుంటే అవి అడ్డంకులే కావు.

మేము చేరేసరికే ముత్తయ్య కాక పడవను చూసేశాడు. ఒడ్డుకు దగ్గర్లోనే ఎండు మోడుల్లో ఇరుక్కుని ఉంది. పక్క చెక్క ఒకటి పగిలింది. ముక్కుకు తాడు వేలాడుతోంది, రెండో కొసన ముడి ఏమీ లేకుండా. పెదనాన్న నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు.

"నేను సరిగ కట్టలే ముత్తయ్యా. నా చేతులు పోయినయ్."

ముత్తయ్య కాక ఆయన్ని తిట్టలేదు. "మనుషులు మంచిగున్నరు కదన్నా" అన్నాడు. కానీ వలల వైపు చూసిన చూపు నేను చూశాను. చేపలున్నాయి, పడవ లేదు.

పడవ బాగయ్యేదాకా పెదనాన్న రోజూ వెళ్లాడు. వడ్రంగి పక్కన కూర్చుని చెక్క పట్టుకున్నాడు, తారు కాచాడు. పడవ నీళ్లలోకి దిగిన రోజు ముత్తయ్య కాక ఎక్కమంటే ఎక్కలేదట. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కలేదు.

ఇంట్లో అసలు నష్టం ఇంకోటి జరిగింది. పడవ సంగతి ఆయనే అందరికీ చెప్పాడు, దాచలేదు. తాళ్లతో బతికిన మనిషి తాడు కట్టడం మర్చిపోయాడంటే ఇంక ఏం మిగిలిందని అన్న భయపడ్డాడు. బండి తాళం చెవి తీసుకున్నాడు. ఒంటరిగా గేటు దాటనివ్వొద్దని పెద్దమ్మకు చెప్పాడు. మంచి మనసుతోనే చేశాడు. పెదనాన్న ఎదురు చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను, చాయ్ తాగుతూ.

రెండు నెలలకు గానీ నాకు ధైర్యం రాలేదు. ఒక ఆదివారం వెళ్లేసరికి పెదనాన్న వరండాలో నైలాను తాడు కొసలు విడిపోకుండా అగ్గిపుల్లతో కాలుస్తున్నాడు. పక్కన కూర్చుని, నేల చూస్తూ చెప్పేశాను.

"పెదనాన్నా, ఆ రాత్రి నువ్వు కట్టిన ముడి నేను విప్పిన. బిగించి మళ్ల కట్టిన. పడవ పోయింది నా వల్ల."

"అవ్. చూసిన" అన్నాడు, అగ్గిపుల్ల ఊదుతూ.

నాకు అర్థం కాలేదు. "ఏం చూసినవ్?"

"వానకు లేచి పోయిన కదా. ముడి నాది కాదని చెయ్యి పెడితేనే తెలిసింది. వదులు లేదు. విప్పి కడదామనుకున్న. చలి పెట్టింది. ఉంటదిలే అనుకుని వచ్చి పండుకున్న."

"మరి నీ తప్పని ఎందుకు చెప్పినవ్ అందరికీ?"

"నాదే కదా. బాయిల గంతే. ఎవడు కట్టిండని అడగరు, ఆఖరికి ఎవడు చూసిండని అడుగుతరు. చూసి ఊకున్న. చూసినంక అది నా ముడే."

నాకు ఏడుపొచ్చింది. అన్నకు ఇప్పుడే చెబుతానని, తాళం చెవి ఇప్పిస్తానని లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "వద్దు. కండ్లు ఆనుతలేవు బిడ్డా. బండి ఎట్లయిన ఇచ్చేటోన్నే. పడవ మీద పెట్టి ఇచ్చిన, గంతే" అన్నాడు.

ఇదంతా స్పష్టంగా, ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. మరుక్షణం నా వైపు చూసి, "అన్నం తిన్నవా సరోజా?" అన్నాడు.

అదే నన్ను నిలవనివ్వదు. ఆయన నిజంగా ఆ రాత్రి లేచి వెళ్లాడా? లేక నేను ఏడవకూడదని అప్పటికప్పుడు ఆ కథ అల్లాడా? వానలో విన్న చెప్పుల చప్పుడు కలా, నిజమా? చెప్పింది నాకా, సరోజత్తకా? ఆయన తాళం చెవి మనసారా ఇచ్చాడా, నా మాట రెండు నెలలు ఆలస్యమైనందుకు పోగొట్టుకున్నాడా? ఎటు నుంచి చూసినా సగమే కనిపిస్తుంది.

దశదినకర్మ నాడు అన్నకు ముడి సంగతి చెప్పాను. కోపం చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. "మరి నాతోని ఒక్క మాట అనకపాయె" అన్నాడు. ఆ మాట నా గురించో, వాళ్ల నాన్న గురించో అడగలేకపోయాను. ముత్తయ్య కాక కూడా వచ్చాడు. ఆయనకూ చెబితే తల అడ్డంగా ఊపాడు. "మీ పెదనాన్న చెప్పిండు నాకు, ముడి నాదే అని. ఇప్పుడు నువ్వు వేరే చెప్తే నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. ఆయన ఆ మాటను వదలడని అర్థమై ఊరుకున్నాను. పెదనాన్న దగ్గర నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే, అది ముడి వెయ్యడం కాదు. తన కంట పడిన పనిని తనదే అనడం. ఇంకా నేర్చుకుంటున్నాను.

చివరిసారి ఆయన్ని చూసింది ఆయన పోవడానికి పదిహేను రోజుల ముందు. నేను భద్రాచలం బయల్దేరుతుంటే పెద్దమ్మను ఒప్పించి కాలనీ స్టాపు దాకా నాతో నడిచి వచ్చాడు. బస్సు వచ్చింది. ఎక్కి వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాను. పెదనాన్న బస్సు పక్కనే నడుస్తూ ఒక్కో కిటికీలోకి తొంగి చూశాడు. ముందు నుంచి మూడో కిటికీ దగ్గర ఆగాడు. అక్కడ ఎవరో ఆకుపచ్చ చీర కట్టుకున్నామె ఉంది, నాకు తెలియదు. ఆమె వైపు చూసి, నిండుగా నవ్వి, "పైలం బిడ్డా, చేరంగనే ఫోన్ చెయ్" అన్నాడు. పిలుద్దామని కిటికీ అద్దం జరపబోయాను, అది బిగుసుకుపోయింది. బస్సు కదిలింది. ఆ ఆకుపచ్చ చీర ఆమె ఒక్క క్షణం తికమకపడి, తర్వాత చెయ్యి బయటికి పెట్టి ఊపింది. "చేస్తా తాతా" అంది. ఆయన ఎత్తిన చెయ్యి దించకుండా, మలుపు తిరిగేదాకా ఆమెకు ఊపుతూనే ఉన్నాడు.