ఆగిపోయిన పడవ మోటారు

హనుమాండ్లు షెడ్డు ఎర్రమంజిల్ వెనక సందులో ఉంది. సిరిసిల్ల మగ్గాల ఇంట్లో పుట్టినా అతని చేతులు మొదట్నుంచీ ఇంజన్ల మీదే తిరిగాయి. బోరు మోటార్లతో పాటు చెరువుల్లో గుర్రపుడెక్క తీసే పడవల మోటార్లు కూడా బాగుచేసేవాడు. పడవ మోటారు బయటి నీళ్లను పీల్చుకునే చల్లబడుతుంది. మురుగు నీళ్లయితే లోపలి లోహాన్ని తినేస్తాయి. నీళ్లు తిరిగే దారులు తెల్లటి పొక్కులతో పూడుకుపోతాయి.

ఆ వానాకాలం ఒక కాంట్రాక్టరు అలాంటి మోటారునే పడవతో సహా దించిపోయాడు. కొత్త సామాను వచ్చేదాకా దీన్ని నీళ్లలో దించేది లేదన్నాడు హనుమాండ్లు.

సామాను రాకముందే నాలా పొంగింది. కింది బస్తీలో కిటికీలు మునిగాయి. బామ్మర్ది సురేందర్ తడిసి ముద్దై ఉరికొచ్చాడు.

"బావా, బస్తీల మధులతోళ్లు మిద్దె మీద ఉన్నరు. గోడలు నానిపోయినయి. గీ బోటు తీద్దాం."

"వేడెక్కి మధ్యల ఆగిపోతదిరా."

"ఆగేదాక నడవనీ!"

ఇద్దరూ పడవను వరదలోకి దించారు. ఇంజన్‌ను చల్లబరిచి వెనక సన్నటి ధారగా రావలసిన నీళ్లు చుక్కలుగానే రాలుతున్నాయి. హనుమాండ్లు మూత పీకేసి, డబ్బాతో వరద నీళ్లు ఇంజన్ మీద గుమ్మరిస్తూ నడిపాడు. ఆవిరి కొట్టి చేతులు బొబ్బలెక్కాయి.

మిద్దె మీద మధులత, ఆమె ఇద్దరు పిల్లలు, తల్లి రుద్రమ్మ ఉన్నారు. పడవ చిన్నది.

"ముందుగాల పిల్లల్ని, నా బిడ్డను తీస్కపోండ్రి. నేనేడికి పోత?" అంది రుద్రమ్మ.

ముగ్గురినీ ఒడ్డు చేర్చాక ఇంజన్ చల్లారేదాకా ఆగాలనుకున్నాడు హనుమాండ్లు. దూరంగా రుద్రమ్మ కూర్చున్న వైపు గోడ జారడం కనబడింది. ఆగలేక పడవ తిప్పాడు.

సగం దూరంలో మోటారు కీచుమని బిగుసుకుపోయింది. తాడు ఎంత లాగినా కదల్లేదు. సురేందర్ చెక్కముక్కతో తెడ్డేశాడు. ప్రవాహం పడవను ఈడ్చుకెళ్లి కరెంటు స్తంభానికి కొట్టింది. స్తంభాన్ని వాటేసుకున్న హనుమాండ్లు చూస్తుండగానే మిద్దె కుంగిపోయింది. రుద్రమ్మ ఒక చెయ్యి పైకెత్తింది, అంతే.

బస్తీవాళ్లు తాళ్లేసి బావాబామ్మర్దులిద్దరినీ ఒడ్డుకు లాగారు. రుద్రమ్మ శవం వరద తగ్గాక దొరికింది.

బస్తీవాళ్లు శాలువా కప్పుతామంటే హనుమాండ్లు పోలేదు. దినాలయ్యాక, అమీర్‌పేట హాస్టల్లో వంటచేసే మధులత దగ్గరికి మాత్రం వెళ్లాడు.

"అన్నా, ఆగుతదని నీకు మొదలే ఎర్కనా?" అని అడిగిందామె, బియ్యం చెరుగుతూనే.

"ఎర్కనే చెల్లె."

"ఎర్క ఉండి నా పిల్లల్ని ఎక్కించుకున్నవా?"

"వేరే బోటు లేకుండె."

చేట ఆగింది. "రెండోసారి ఇంజన్ సల్లారినంక పోతే అమ్మ దక్కుతుండెనేమో."

"గోడ జారుతుండె. ఆగబుద్ధి కాలె."

ఆమె పొమ్మనలేదు, కూర్చోమనలేదు. మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. అతను కాసేపు గుమ్మంలోనే నిలబడి వచ్చేశాడు.

కాలిన వేళ్లు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. బోరు మోటార్లు విప్పుతున్నాడు గానీ పడవ మోటారు తెచ్చినవాళ్లను ఇంకో షాపు చూసుకోమంటున్నాడు.