ఎర్ర పేలికలు

టైలరుకు సముద్రం పిచ్చి. పెళ్లయిన కొత్తలో భార్య ఈ మాట ముద్దుగా అనేది. ఇప్పుడు ముద్దు పోయి పిచ్చి ఒక్కటే మిగిలింది. తెల్లారితే చాలు, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న ఇసుక తిన్నె మీదకు వెళ్లాల్సిందే. నీళ్లు వెనక్కి తగ్గిన తడి ఇసుకలో ఆకాశం రంగులన్నీ కనిపించేవి. అడుగుల అలికిడికి ఎర్ర పీతలన్నీ బొరియల్లోకి దూరేవి. అవన్నీ ఒక ఎత్తు, ఆ తిన్నె మీద గుడ్లు పెట్టే చిన్న పిట్టలు ఒక ఎత్తు. వాటికి గూడు కట్టడం రాదు. చిన్న గుంట చేసి, అచ్చం ఇసుక రంగులో ఉండే మూడు గుడ్లు పెడతాయి. పక్కనే నిలబడినా మనకు కనిపించవు.

టైలరు చిన్నతనంలో అవి లెక్కలేనన్ని వచ్చేవి. ఊరు పెరిగింది, పొద్దున్నే నడిచేవాళ్లు పెరిగారు, గుడ్లు వాళ్ల కాళ్ల కింద పడ్డాయి. ఈ ఏడాది వచ్చినవి పదకొండు జంటలే. ఇవీ పోతే ఇక రావని అతనికి తెలుసు. అందుకే కొట్లో మిగిలిన ఎర్ర పేలికలు పుల్లలకు కట్టి, ఒక్కో గుంట పక్కన ఒక్కోటి పాతాడు. పుల్ల దగ్గరికి వెళ్లొద్దని కనిపించినవాళ్లనల్లా బతిమాలాడు. చెప్పిన రోజుకు ఏనాడూ బట్టలివ్వని మనిషి మాట ఊరు విన్నది అదే మొదటిసారి. అందరూ తప్పుకుని నడిచారు. టైలరు ఈల వేసుకుంటూ మిషను తొక్కాడు.

నాలుగు రోజులకు మూడు గుంటలు ఖాళీ. మరో రెండు రోజులకు ఇంకో నాలుగు. కుక్కలనుకున్నాడు గానీ వాటి అడుగుజాడల్లేవు. చివరికి గుడ్లు ఎత్తుకుపోతున్నది నువ్వేనంటూ, ఆ పక్కనే వలలు ఆరేసుకునే ముసలాయన మీద పడ్డాడు. ముప్పై ఏళ్ల స్నేహం. ఆయన అరవలేదు.

"ఒక పూట అక్కడే కూర్చుని చూసుకోవయ్యా. ఆ తర్వాత నన్ను అను," అన్నాడు.

మర్నాడు టైలరు కొట్టు మూసి, పడవ చాటున కూర్చున్నాడు. ఒక కాకి వచ్చి పుల్ల మీద వాలింది. కిందికి చూసి గుడ్డు ఎత్తుకుంది. తిని, నేరుగా ఇంకో ఎర్ర పేలిక మీదకు ఎగిరింది. అంగళ్ల బోర్డులు చూసుకుంటూ పోయే మనిషిలా, ఎక్కడా వెతుక్కోలేదు. చేతులారా తనే చూపించాడని టైలరుకు అప్పుడు అర్థమైంది. పరుగున వెళ్లి పుల్లలన్నీ పీకేశాడు. అప్పటికి ఒక్క గుంటలోనే గుడ్లు మిగిలాయి.

మరుసటి రోజు వాటిని చూద్దామని బయలుదేరాడు. తలెత్తితే వెనకే కాకి. ఇతను ఆగితే అదీ ఆగింది. టైలరు ఆ గుంట వైపు కన్నెత్తి చూడకుండా వెనక్కి తిరిగాడు. ముసలాయనకు క్షమాపణ చెప్పాడు గానీ, ఆయన వల మీంచి తలెత్తలేదు.

ఆ తర్వాతి పొద్దున మిషను ముందు కూర్చుంటే భార్య అడిగింది.

"ఇవాళ వెళ్లలేదేం?"

"నేను ఏది చూస్తే అది ఆ కాకి తింటోందే."

భార్య ఈసారి వేళాకోళం చేయలేదు. కిటికీలోంచి చూస్తే, నడకకు వచ్చినవాళ్లు కబుర్లాడుకుంటూ తిన్నె వైపు తిరుగుతున్నారు. అక్కడ ఇప్పుడు తప్పుకోమని చెప్పడానికి పుల్ల కూడా లేదు.