సిగ్గుపడే నాచు

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంద చేపలుండేవి. నిలువెత్తు గాజు తొట్టి, అందులో అడవిలా పెరిగిన నాచు, ఆ అడవిలో దారి తప్పి తిరిగే వంద చేపలు. మోటారు లేదు, కరెంటు లేదు, ఫిల్టరు అనే మాట కామారెడ్డిలో ఎవరి చెవినా పడలేదు. అయినా ఆ నీళ్లలోంచి చూస్తే అవతలి గోడ మీద బల్లి కళ్లు కూడా కనబడేవి. చూసిపోవడానికి గాంధారి నుంచీ భిక్నూరు నుంచీ బండ్లు కట్టుకుని వచ్చేవారు.

ఆమధ్య మా మనుమరాలితో ఇలాగే అన్నాను. దాని అక్వేరియంలో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడిపోయాయి. కరెంటు పోయి మోటారు ఆగినప్పుడల్లా చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పిల్ల ముఖం వేలాడేసుకుని దాని ముందే కూర్చుంది. ధైర్యం చెబుదామని మొదలుపెట్టాను. మొదలుపెట్టడమే నా చేతిలో ఉంటుంది, ఆపడం ఉండదు. వంద అనగానే పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. ఆ కళ్ల కోసం ఇంకో వంద కలిపేవాణ్ణే, కానీ ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మా అక్క గడప పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. తలెత్తకుండానే, "వందనా?" అంది.

"ఓ పది తక్కువ."

"గా పదే ఉంచి మిగిలినయి తీసెయ్యి. తర్వాత గా పదిల గూడ చూద్దాం."

మనుమరాలు ఫక్కున నవ్వి, "తాతా, నిజం చెప్పు" అని నా మోకాలు పట్టుకుంది. మా అక్క ఉన్న ఇంట్లో అంతకన్నా వేరే దారి లేదు కనుక చెబుతున్నాను.

మూడు చేపలు. నిలువెత్తు తొట్టి కూడా కాదు, కిరాణా దుకాణంలో చక్కెర బిళ్లలు పోసి ఉంచే గాజు సీసా. అంచు పగిలిందని దుకాణదారు ఇచ్చేశాడు. భిక్నూరు బండ్ల సంగతి ఇక వదిలేయండి. పక్కింటి మేక ఒకసారి వచ్చి చూసిపోయింది.

చేపలు తెచ్చింది మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న. ఎల్లారెడ్డిలో పోచారం కాలువ కింద ఆయనకు రెండు మళ్లుండేవి. మడిలోకి కొట్టుకొచ్చిన పరక చేపలను ఇత్తడి చెంబులో వేసి, మూతికి తడిగుడ్డ కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కామారెడ్డి దాకా తెచ్చాడు. వేలెడు పొడవు, వెండిరేకు మెరుపు. సీసాలో వదలగానే మా ఇంటి చీకటి గదిలో ఎవరో చిన్న అద్దాలు తిప్పుతున్నట్టయింది.

ఆ రోజుల్లో మా నాన్న బొంబాయి మిల్లులో ఉండేవాడు. ఇల్లు నడిచింది అమ్మ బీడీల మీద. పొద్దు పొడిచింది మొదలు ఉన్న ఒక్క కిటికీ కింద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించడం, చిటికెడు పొగాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. కళ్లు ఎక్కడున్నా వేళ్లు ఆగేవి కావు. బడి నుంచి వచ్చాక నేను పక్కన కూర్చుని బీడీల మూతులు వత్తేవాణ్ణి. ఇంట్లో అందరి బట్టలకూ ఆ వాసనే. ఒక్క అమ్మ చేతి అన్నం మాత్రం చింతపండు వాసన వేసేది. అందరి అమ్మల చేతులూ చింతపండు వాసనే వేస్తాయనుకునేవాణ్ణి. ముద్ద కలిపే ముందు ఆమె దొడ్లోకి పోయి ఎంతకీ వచ్చేది కాదు. నేను కంచం కొట్టి ఆకలి ఆకలని అరిచేవాణ్ణి.

సీసాను కిటికీలో, అమ్మ చాట పక్కనే పెట్టుకున్నాను, మూతులు వత్తుతూ చేపలను చూడవచ్చని. పని కాగానే నా ప్రేమ మొదలయ్యేది. రోజూ నీళ్లన్నీ పారబోసేవాణ్ణి, లోపల చేయి పెట్టి గాజు తళతళలాడేలా రుద్దేవాణ్ణి, చేపలను దోసిట్లోకి తీసుకుని ముచ్చటలాడేవాణ్ణి. కొన్నాళ్లకు ఒక చేప పక్కకు ఒరిగి తేలింది. శుభ్రం చాలలేదనుకుని ఇంకా ఎక్కువ రుద్దాను. రెండోదీ పోయింది.

మిగిలినదానికి తోక మొదట్లో ఒక నల్లని మచ్చ ఉండేది. చుక్క అని పిలిచేవాణ్ణి. ఒక సాయంత్రం అది కూడా వాలుగా, తల కిందికి పెట్టి, మొప్పలు టపటపలాడిస్తూ నిలబడింది. నేను ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అది బతికితేనే తింటానని మొండికేశాను. అమ్మ ముద్ద పట్టుకుని చాలాసేపు నా ఎదుట కూర్చుంది. తర్వాత ఆ ముద్దను కంచంలో పెట్టేసి, కిటికీలోని సీసాను చూస్తూ ఉండిపోయింది.

మరునాడు, ఎవరో కబురు పెట్టినట్టే, తాతయ్య దిగాడు. సీసాను చూశాడు. దాని పక్కనున్న చాటను చూశాడు. నా చేతులు తిప్పి అరచేతులు చూశాడు. "సీసా వట్టుకో, పోదాం పా" అన్నాడంతే.

ఆ బస్సు ప్రయాణం ఇప్పటికీ నాకు సగం కలలాగే గుర్తుకొస్తుంది. సీసా నా ఒళ్లో ఉంది. రోడ్డుకు రెండువైపులా అడవి. కిటికీలోంచి ఎండా నీడా తెరలు తెరలుగా వచ్చి నీళ్ల మీద పడి పోతున్నాయి. ఒక్కో నీడ పడినప్పుడు చుక్క మాయమవుతోంది, ఎండ పడగానే మళ్లీ ఉంటోంది. ప్రతి నీడకూ ఊపిరి బిగబట్టాను. ఎల్లారెడ్డి దాకా అలా అది ఎన్నిసార్లు చచ్చి బతికిందో నాకే తెలుసు.

కాలువ ఒడ్డున తాతయ్య ముందు నా చేతులు పట్టుకుని మట్టితో రుద్దాడు. గోళ్ల సందుల్లో కూడా వదలకుండా, ఎంతో ఓపికగా. ఎందుకని అడగలేదు. తాతలు ఏదో ఒకటి రుద్దుతూనే ఉంటారు కదా. తర్వాత సీసాను కాలువ నీళ్లలో వంచి, "ఇడిచిపెడదామా, ఉంచుకుంటవా?" అన్నాడు. నేను ఏడ్చేశాను. "గట్లయితే నేను చెప్పినట్టు చెయ్యాలె మరి" అని మోకాలి లోతు దిగి, అడుగు ఇసుక రెండు గుప్పిళ్లు సీసాలో పోశాడు. నీటి అడుగున జుట్టులా ఊగే నాచు తీగలను వేళ్లతో సహా తీసి ఆ ఇసుకలో గుచ్చాడు. తేట నీళ్లు నింపాడు. నాకు రోత పుట్టింది. నేను రోజూ రుద్దిరుద్ది పోగొట్టింది ఈ పాచినే కదా అనుకున్నాను.

అప్పుడు చెప్పాడు ఆ కథ.

"గీ నాసుకు సిగ్గెక్కువ బిడ్డా. చేప ఇడిచిన మురికి మన చేనుకు పెంట లెక్క, గదే దీనికి తిండి. తిని ఊకుంటదా, ఊకోదు. ఎండ తగిలినప్పుడు ముత్యాలిడుస్తది. గా ముత్యాల మీదనే చేప బతుకుతది. అయితే మనిషి చెయ్యి నీళ్లల్ల వడ్డదా, సిగ్గుతోని ముత్యాలన్ని మింగేస్తది. చెయ్యి వెట్టకు. చేతులు ఎన్కకు కట్టుకొని చూడు."

"నీళ్లు మార్చద్దా?"

"నాసు ఉన్నకాడ నీళ్లు వాటంతటవే తేటపడతయ్. తగ్గినప్పుడు చెంబుతోని పైకెల్లి ఇంత పొయ్యి, చాలు."

ఇంటికి వచ్చేసరికి అమ్మ బయట అరుగు మీద ఒక మూల కడిగి, పీట వేసి ఉంచింది. నాచుకు తొలిపొద్దు ఎండ కావాలని తాతయ్య ఇంకా చెప్పనే లేదు. అమ్మలకు అన్నీ ఎలా తెలిసిపోతాయోనని అబ్బురపడ్డాను. సీసాను కిటికీ నుంచి, చాట నుంచి దూరంగా ఆ పీట మీద పెట్టాం.

మరునాడు పొద్దున్నే లేచి, చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందు గొంతుక్కూర్చున్నాను. ముందు ఏమీ లేదు. గల్లీ చివరి ఇళ్ల మీదుగా ఎండ జారి అరుగెక్కింది, పీటెక్కింది, సీసా అడుగును తాకింది. ఇసుక పసుపు రంగు తేలింది. నాచు ఆకు కొసన సూదిమొన అంత వెలుగు పుట్టింది. అది ఉబ్బి, ఊగి, ఆకును వదిలి, పైకి పోయింది. దాని వెనక ఇంకొకటి. కాసేపటికి ఆకుకొకటి చొప్పున వెండి పూసలు దారం తెగినట్టు పైకి, పైకి. వాటి మధ్య నుంచి చుక్క, తల నిటారుగా పెట్టి, ఒక పూసను నోటితో పొడిచి చూసింది. నా చేతులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేళ్లు తిమ్మిరెక్కాయి. వెనక నుంచి అమ్మ ముద్ద నోట్లో పెడితే, చూపు తిప్పకుండానే నమిలాను. చింతపండు వాసన.

చుక్క రెండు వానాకాలాలు చూసింది. మోచేతి పొడవు పెరిగింది. సరే, బొటనవేలి పొడవు.

అసలు సంగతి నాకు తెలిసింది మీసాలు వచ్చాక. ఎల్లారెడ్డిలో మా మేనమామ మిరపతోటకు పేను పట్టింది. పొగాకు కాడలు ఉడకబెట్టిన కషాయం చల్లుతున్నాం. చల్లిన చోటల్లా పురుగు రాలిపోతోంది. పనయ్యాక డబ్బా తీసుకుని కాలువ వైపు నడుస్తుంటే మామ కేకేశాడు. "అరేయ్, కాల్వల కడుగకు! తంబాకు నీళ్లు, చేపలు సస్తయ్!"

నేను ఆ డబ్బాతో అక్కడే నిలబడిపోయాను. కిటికీలో సీసా పక్కన చాట గుర్తుకొచ్చింది. బీడీల మూతులు వత్తి వత్తి పసుపెక్కిన నా వేళ్లు, తాతయ్య తిప్పి చూసిన అరచేతులు గుర్తుకొచ్చాయి. తాతయ్య ఒక్క నిజం చెప్పి ఉంటే సరిపోయేది: నీ చేతి పొగాకు చేపను చంపుతోంది బిడ్డా అని. చేప ఎలాగూ బతికేది. కానీ నా చేతులకే అంత విషం ఉంటే, పొద్దంతా ఆ చాటలో ఉండే చేతుల మాటేమిటి? ఆ మరునాడు అమ్మ ముద్ద పెట్టబోతే నేను ముఖం తిప్పుకునేవాణ్ణి. పసివాడికి అంత నిజాన్ని పట్టుకునే చేయి ఉండదు. అందుకే ఆయన నాచుకు సిగ్గు పుట్టించాడు. ఆ అబద్ధం అమ్మను కాపాడింది, పాపం ఆమెకు ఆ సంగతి తెలియనే తెలియదు.

నేను నా జీవితంలో ఆడిన అబద్ధాలన్నీ నన్ను ఒక జానెడు పొడుగు చేసుకోవడానికే. ఆయన ఆడింది మా అమ్మ నా ముందు పొట్టిదైపోకుండా. ఇప్పటికీ ఎవరికైనా నిజం చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం నా చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి.

మనుమరాలి అక్వేరియం సంగతి కూడా చెప్పాలి. కాలువ నుంచి నాచు తెప్పించి, బాగా జాడించి నాటాం. మనీ ప్లాంటు కొమ్మ ఒకటి కోసి వేళ్లు నీళ్లలోకి వేలాడదీశాం. చేపలు మరీ కిక్కిరిసి ఉంటే సగం స్నేహితురాలికి ఇచ్చాం, మేత తగ్గించాం. నీళ్లు మెల్లగా తేటపడ్డాయి. మోటారు పీకేశామని గల్లీలో చెప్పుకుంటున్నాను. పీకలేదు, మూలన చిన్నగా తిరుగుతూనే ఉంది. కరెంటు పోయినప్పుడు మాత్రం పిల్ల ఇదివరకటిలా కంగారుపడటం లేదు. పొద్దున ఎండ పడే వేళకు ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాం.

ఇదంతా రాసి, నిన్న మళ్లీ వచ్చిన మా అక్కకు చదివి వినిపించాను. మూడు చేపలు, మేక, బొటనవేలు, అన్నీ ఒప్పుకున్నాను కనుక ఈసారి మెచ్చుకుంటుందని ఆశపడ్డాను. ఆమె చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"అమ్మకు తెల్వదని రాసినవేందిరా?"

"తెలుసా?"

"తాతకు కబురు వంపిందే అమ్మ. గా రాత్రి ఆఖరి ఎల్లారెడ్డి బస్సు కండక్టరుతోని. నువ్వు బువ్వ తినకుంట పన్న రాత్రి మొత్తం ఆమె కూసోనే ఉన్నది. పొద్దుగాల తాత రాంగనే దొడ్లకు తీస్కవొయి చెప్పింది, నేను ఆడనే ఉన్న. 'బాపూ, నా చాట ఆపితే ఇల్లు గడువది. ఆపకుంటె చేప బతకది. పోరనికి చెప్తే నా చేతి బువ్వ తినడు. ఏదన్న కత చెప్పు' అన్నది. నాసు సిగ్గు ముచ్చట గూడ అమ్మ అల్లిందే. తాతకు గన్ని తెలివి ఏడిదిరా?"

అక్క కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చిక్కుడుకాయ తీసుకుంది.

"నీకు ముద్ద వెట్టే ముందు చింతపండు, బూడిదె వెట్టి తోలు లేచేదాక చేతులు తోముకుంటుండె. నువ్వేమొ కంచం కొట్టుకుంట ఒర్రుడు. ఒక్కపారన్న దొడ్లకు తొంగి చూసినవా? నువ్వు చేపనే చూసినవ్."