చెప్పుల దుకాణం పెట్టిన కుక్కపిల్ల

నేను బట్టల దుకాణంలో పుట్టి, స్టీలు సామాన్ల దుకాణానికి కోడలిగా వచ్చాను. మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళున్నా చీరల బేరానికి నన్ను వెంటబెట్టుకుని పోతారు. నేను గడపలో కాలు పెడితే సేల్స్‌మెన్ ముందుగా మంచినీళ్ళు తాగుతారని మావాళ్ళంటారు. ఇంత పేరున్నదాన్ని, పాలపళ్ళు ఊడని ఒక కుక్కపిల్ల చేతిలో నిలువునా మోసపోయాను.

మా ఆయన స్నేహితుడు డోర్నకల్‌లో రైల్వే పని చేస్తాడు. వాళ్ళ క్వార్టర్ల దగ్గర ఒక కుక్క పిల్లల్ని పెడితే, మా ఆయన ఒకదాన్ని తువ్వాలలో చుట్టి రైల్లో తీసుకొచ్చాడు. బెల్లం రంగు. ఒక చెవి నిలబడితే రెండోది పడుకునేది. మట్టెవాడలో మా ఇల్లు దుకాణం వెనకే. ఆ ఇంటిని అది కొంచెం కొంచెంగా రుచి చూడడం మొదలుపెట్టింది. మంచం కోడు అయింది, చీపురు అయింది. టీవీ రిమోట్‌లో సౌండ్ పెంచే బటన్ ఒక్కటే తిని వదిలేసింది. అప్పటి నుంచి మా టీవీ గుసగుసలాడుతూనే ఉంది.

అత్తమ్మ కొత్త చెప్పుల్లో ఎడమ కాలిది తిన్న రోజున ఇంట్లో పంచాయితీ అయింది.

"డోర్నకల్ పంపియ్యి. ఇయ్యాల్నే," అంది అత్తమ్మ, మిగిలిన చెప్పు చేత్తో పట్టుకుని.

"చిన్నపిల్ల గదా అత్తమ్మా. పండ్లొచ్చే టైం, దురద పెడ్తాంది దానికి. జర ఆగుండ్రి."

"ఎన్నాళ్ళు?"

"ఉగాది దాక."

"ఆదివారం దాక."

"దసరా దాకన్న ఇయ్యుండ్రి."

"అమావాస్య దాక. గంతే. అప్పటికి మారకుంటే ఇచ్చినాయన్నే వచ్చి తీస్కపోతడు."

అత్తమ్మ కూడా దుకాణాల్లో పెరిగిన మనిషే. ఆమెతో బేరం నాకెన్నడూ గిట్టలేదు. ఆ కుక్క ఇంటికొచ్చిన రోజు "నాకొద్దు" అని గొడవ పెట్టింది నేనే. ఇప్పుడేమో అది నా పాదం మీద తల పెట్టి పడుకుంటే దాహమేసినా లేవను. దాన్ని ఎట్లాగైనా మార్చాలని ఆ రోజే పని మొదలుపెట్టాను.

"ఎనుమాముల మార్కెట్‌కు అంత మిర్చి వస్తాంది, మంచం కోడుకు ఇంత కారం పుయ్యరాదు?" అని అత్తమ్మ సలహా. దాని నోరు మండుతుందని నేను కాకరకాయ రసం పూశాను. కుక్క నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. మా ఆయన మాత్రం ఆ కోడు పట్టుకున్న చేత్తోనే మిక్చర్ తిని, సరుకు పాడైందని మిక్చర్ బండివాడి మీదికి కొట్లాటకు పోయాడు.

చివరికి పశువుల దవాఖానకు పోయి డాక్టరమ్మను అడిగాను.

"నోట్లోది గుంజుకోకుండ్రి, ఆట అనుకుంటది. ఇంకోటి ఇచ్చి మార్చుకోండి," అందామె.

మార్చుకోవడమా! అది నా పుట్టింటి విద్య కదా. ఆమె ఇంకా ఏదో చెప్తూనే ఉంది, నేను ఆటో ఎక్కేశాను.

తక్కువలోనే మొదలుపెట్టాను. చెప్పుకు బదులు జొన్నరొట్టె ముక్క. అది రొట్టెను చూసింది, నన్ను చూసింది, చెప్పును ఇంకా గట్టిగా పట్టుకుంది. రొట్టెకు నెయ్యి రాశాను. ఊహూ. కొబ్బరి ముక్క చూపించాను. చెప్పు వదిలింది. బేరం కుదిరింది! ఆ సంతోషంలో కొసరుగా ఇంకో ముక్క వేశాను.

పాడైంది అక్కడే. మా నాన్న కొసరు ఎందుకు వేసేవాడో నాకు తెలియదా? వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలని.

మళ్ళీ వచ్చింది. మర్నాడు పొద్దున్నే అత్తమ్మ పాత చెప్పు ఒకటి పట్టుకుని వంటింటి గడపలో నిలబడింది. దాని మీద పంటి గాటు కూడా లేదు. సరుకు నలగకుండా చూపిస్తోంది! కొబ్బరి తిని, పోయి రెండో కాలిది తెచ్చింది. జోడీని విడదీసి అమ్మడం దానికెవరు నేర్పారో! ఆ తర్వాత మా ఆయన కళ్ళజోడు డబ్బా తెచ్చింది. దానికి ఒక ముక్క ఇస్తే కదల్లేదు. కొసరు కోసం నిలబడింది.

అత్తమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఓ పిల్లా, అది దుకాణం పెట్టింది గదనే! నువ్వే దాని గిరాకి! బోణీ నా చెప్పుతోనే చేస్తాంది సూడు!"

నవ్వింది గాని అమావాస్యను మరవలేదు. డోర్నకల్‌కు ఫోన్ కూడా చేసేసింది.

నేను డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "సగం విని ఉరికితిరి గదమ్మా," అని ఆమె మిగతా సగం చెప్పింది. నమలడానికి దానివంటూ కొన్ని ముందే ఇవ్వాలి. అవి నములుతున్నప్పుడే మెచ్చుకోవాలి. మిగతావి అందకుండా పెట్టాలి. చెప్పు తెస్తే అసలు దానివైపు చూడకూడదు.

నాకు సిగ్గేసింది. నచ్చిన చీర వైపు చూడకుండా లేచి వెళ్ళిపోవడం బేరంలో మొదటి ఎత్తు. ఊరందరి మీదా వాడేదాన్ని, ఇంట్లో మర్చిపోయాను.

చెప్పులన్నీ సజ్జ ఎక్కాయి. ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్ళేటప్పుడు చెప్పుల కోసం స్టూలెక్కేవాళ్ళు. నూలు తాడుకు ముడులు వేసి కుక్కకిచ్చాను. ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ ఇచ్చాను. అది తాడు నమిలితే ఇల్లంతా "శెభాష్!" మా ఆయనకు అది ఎంత అలవాటైందంటే, దుకాణంలో ఒకావిడ గిన్నె కొంటే కూడా "శెభాష్" అన్నాడు. ఎక్కడైనా ఒక చెప్పు దొరికించుకుని వస్తే నేను గోడవైపు తిరిగి, "ఆఁ, గసోంటివి మా ఇంట్ల బొచ్చెడున్నయి," అంటూ తాడుతో నేనే ఆడుకునేదాన్ని. కాసేపటికి దానికి అనుమానమొచ్చేది. చెప్పు పడేసి తాడు కోసం నా మీదికి దూకేది.

అమావాస్య నాడు డోర్నకల్ ఆయన వెదురు బుట్టతో వచ్చాడు. అత్తమ్మ తను మళ్ళీ కొన్న కొత్త చెప్పులు సజ్జ మీది నుంచి దింపి హాలు మధ్యలో పెట్టింది.

"సూద్దాం పిల్లా, నీ యాపారం."

కుక్కపిల్ల చెప్పు నోట కరుచుకుని అందరికీ తిప్పి చూపించింది. నేను గోడ మీది క్యాలెండర్ చదవసాగాను. ఒక్క అక్షరం తలకెక్కలేదు. అది అత్తమ్మ ముందుకు పోయి నిలబడింది. అత్తమ్మ తలెత్తి, "ఫ్యాన్ మీద ఎంత దుమ్ము పట్టిందో," అంది. డోర్నకల్ ఆయన పాపం చెయ్యి చాపబోయాడు.

"ఏయ్, దానిదిక్కు సూడకు కొడుకా! రేటు పెంచుతది!" అని అరిచింది అత్తమ్మ.

ఆ మాటతో నాకు సగం ప్రాణం లేచొచ్చింది. చెప్పు టప్పున కింద పడింది. కుక్కపిల్ల పోయి తన తాడు తెచ్చుకుని నమలడం మొదలుపెట్టింది. "శెభాష్!" అని అందరికంటే ముందు అన్నది అత్తమ్మే.

"మరి తీస్కపోతా పెద్దమ్మా, బండికి టైమైతాంది," అన్నాడాయన.

"దేన్ని?"

"కుక్కను. మీరే గద ఫోన్ చేసిన్రు!"

"అమ్మిన సరుకు వాపస్ తీస్కోరు బిడ్డా. మా దుకాణంల బోర్డు సూడలేదా?"

"నేను అమ్మలే పెద్దమ్మా, ఉట్టిగనే ఇచ్చిన!"

"ఉట్టిగ వచ్చిందాన్ని మేమస్సలే వాపస్ ఇయ్యం."

నవ్వాపుకోలేక నేను గోడకు ఆనుకున్నాను. ఇంతలో కటకటమని చప్పుడు. తాడు ఒక పక్కన పడి ఉంది. కుక్కపిల్ల ఆయన వెదురు బుట్ట అంచును తన్మయంగా నములుతోంది. నేను ఉరకబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనియ్యే. అది మనింటి సామాను గాదు."